సంస్థను మార్చడంలో వరస: సత్యం కంప్యూటర్స్ అనుభవం

(స్మారకోపన్యాస పాఠం)

వ్యాపార సంస్థల్లో మార్పు రెండు రకాలుగా వస్తుంది. కొత్త యంత్రాలు తెచ్చుకోవడం, కొత్త మార్కెట్లోకి దిగడం, మరో కంపెనీతో కలిసిపోవడం వంటివి యాజమాన్యం కోరి తెచ్చుకునే మార్పులు. వీటికి తీరిక ఉంటుంది. సలహాదారులను పిలవవచ్చు, ఉద్యోగులతో సమావేశాలు పెట్టవచ్చు, అనుకున్న తేదీకి కుదరకపోతే వాయిదా వేయవచ్చు. రెండో రకం మార్పు చెప్పాపెట్టకుండా నెత్తిన పడుతుంది. పెద్ద కస్టమర్ వెళ్లిపోతాడు, బ్యాంకు అప్పు ఆపేస్తుంది, లెక్కల్లో మోసం బయటపడుతుంది. రేపు సంస్థ ఉంటుందో లేదో తెలియని స్థితిలో ఎవరో ఒకరు పగ్గాలు పట్టుకోవాలి. అలాంటప్పుడు నాయకుడి పనితనమంతా ఏది ముందు చేయాలి, ఏది కొన్నాళ్లు ఆగవచ్చు, దేని జోలికి పోకూడదు అన్న వరస తేల్చడంలోనే ఉంటుంది.

మార్పు గురించి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన ఆలోచనలకు మూలపురుషుడు కర్ట్ లెవిన్. జర్మనీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఈ మనస్తత్వ శాస్త్రవేత్త 1947లో, అంటే తాను మరణించిన ఏడాదే, మార్పుకు మూడు దశలుంటాయని చెప్పాడు. గడ్డకట్టిన అలవాట్లను కరిగించడం, వాటిని కొత్త దారికి మళ్లించడం, ఆ కొత్త దారిని మళ్లీ స్థిరపరచడం. ఈ మూడు దశల సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, లెవిన్ చెప్పిన ఇంకో మాట అంతకన్నా విలువైనది. మనుషులను ముందుకు నెట్టే ఒత్తిడి పెంచడం కన్నా, వాళ్లను వెనక్కి లాగుతున్న కారణాలను తగ్గించడం మేలని ఆయన అభిప్రాయం. ఒత్తిడి పెంచితే దానికి ఎదురు ఒత్తిడీ పెరుగుతుంది. అడ్డం తీసేస్తే మనిషి తనంతట తానే కదులుతాడు.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు జాన్ కోటర్ 1995లో ఒక వ్యాసంలోనూ, 1996లో దాన్ని విస్తరించిన పుస్తకంలోనూ ఎనిమిది మెట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. అందులో మొదటి మెట్టు, మార్పు తక్షణం అవసరమన్న ఆదుర్దాను సంస్థలో కలిగించడం. ఆ తర్వాత మార్పును నడిపే గట్టి బృందం, భవిష్యత్తు గురించి స్పష్టమైన ఊహ, దాన్ని అందరికీ చేరవేయడం, అడ్డంకులు తొలగించడం, త్వరగా కనిపించే చిన్న విజయాలు, వాటి మీద మరిన్ని మార్పులు, చివరికి అవన్నీ సంస్థ సంస్కృతిలో కలిసిపోవడం. వ్యాపార పాఠశాలల్లో ఈ ఎనిమిదీ కంఠస్థం చేయిస్తారు. సుఖానికి అలవాటుపడి కళ్లు మూసుకున్న కంపెనీకి ఈ జాబితా సరిగ్గా అతుకుతుంది. అప్పటికే భయంతో వణికిపోతున్న కంపెనీకి మాత్రం మొదటి మెట్టు పనికిరాదు. అక్కడ ఆదుర్దా కావలసినదానికన్నా ఎక్కువే ఉంటుంది. నాయకుడి మొదటి పని దాన్ని తగ్గించడం.

1993 ఏప్రిల్‌లో ఐబీఎం పగ్గాలు చేపట్టిన లూ గెర్‌స్ట్‌నర్ ఈ తేడాను గుర్తించాడు. కంపెనీ ఆ ఏడాది సుమారు 800 కోట్ల డాలర్ల నష్టంలో ఉంది. దాన్ని ముక్కలుగా విడదీయాలన్న ఆలోచన అప్పటికే సాగుతోంది. గెర్‌స్ట్‌నర్ ఆ ఆలోచనను పక్కన పెట్టాడు. ప్రస్తుతానికి ఐబీఎంకు గొప్ప భవిష్యద్దర్శనం అవసరం లేదని జూలైలో బహిరంగంగానే చెప్పి విమర్శల పాలయ్యాడు. ఖర్చు తగ్గించడం, కస్టమర్ల దగ్గరికి వెళ్లడం, కంపెనీని ఒక్కటిగా ఉంచడం మొదట చేశాడు. ఏది మార్చకూడదో తేల్చుకోవడం ఆయన చేసిన తొలి మంచిపని.

ఇదే వరస ప్రశ్న మరింత కఠినంగా ఎదురైన సందర్భం హైదరాబాద్‌లో ఉంది.

కూలిన రోజు

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో హైదరాబాద్‌లో పుట్టింది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కు ఎక్కింది. 2008 నాటికి దేశంలో నాలుగో పెద్ద ఐటీ సేవల కంపెనీగా, యాభై వేలకు పైగా ఉద్యోగులతో ఉండేది. తెలుగు జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ సెలక్షన్లు అనగానే ముందు వినిపించే పేర్లలో అదొకటి. అబ్బాయి సత్యంలో చేస్తున్నాడంటే పెళ్లి సంబంధాల్లో ఇంకో ప్రశ్న వేసేవారు కాదు. ఒక కంపెనీ కూలడం ఇన్ని ఇళ్లలో సొంత కష్టంగా అనిపించడానికి కారణం ఇదే.

2008 డిసెంబర్ 16న కంపెనీ డైరెక్టర్ల బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. వ్యవస్థాపక కుటుంబానికి సంబంధించిన మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనడం ఆ నిర్ణయం. సాఫ్ట్‌వేర్ డబ్బుతో భూముల కంపెనీలు కొనడమేమిటని మదుపరులు తిరగబడ్డారు. గంటల వ్యవధిలోనే ప్రతిపాదన ఉపసంహరించుకోవలసి వచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మన్ బి. రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ స్టాక్ ఎక్స్ఛేంజీలకు చేరింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు లేనే లేవని, రాని వడ్డీ 376 కోట్లు వచ్చినట్లు చూపారని, 1,230 కోట్ల అప్పు లెక్కలోకి ఎక్కలేదని, రావలసిన బాకీలను 490 కోట్లు ఎక్కువ చేసి చూపారని అందులో ఉంది. ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగింట మూడొంతులకు మించి పడిపోయింది.

అదే లేఖలో అంతగా ఎవరూ పట్టించుకోని ఒక వివరం ఉంది. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలలకు కంపెనీ 2,700 కోట్ల రాబడి చూపింది. అసలు రాబడి 2,112 కోట్లు. 24 శాతంగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 3 శాతం. పత్రికలన్నీ లాభంలోని అబద్ధం మీద దృష్టి పెట్టాయి. మార్పు తేవలసినవాళ్లు మాత్రం రెండో అంకెను కూడా చదవాలి. అబద్ధమంతా తీసేసినా మూడు నెలల్లో రెండు వేల కోట్లకు పైగా నిజమైన పని జరుగుతోంది. ఆ పనికి డబ్బు చెల్లించే క్లయింట్లున్నారు, ఆ పని చేసే మనుషులున్నారు. చెడినది లెక్కల గది, బోర్డు గది. పని చేసే అంతస్తులు చెడలేదు.

లెక్కల గదిలో ఏం జరిగిందో తర్వాత సీబీఐ దర్యాప్తు వివరించింది. కంపెనీలో ఇన్వాయిస్‌లు తయారు చేయడానికి సొంత సాఫ్ట్‌వేర్ ఉండేది. ప్రాజెక్టు మేనేజర్లు ఇంజనీర్ల పని గంటలు నమోదు చేస్తే, వాటి ఆధారంగా ఇన్వాయిస్ వచ్చేది. దానికి పక్కనే ప్రత్యేక అధికారమున్న ఒక లాగిన్ ద్వారా ఇన్వాయిస్‌లను నేరుగా సృష్టించి, అవి మిగతావారికి కనిపించకుండా దాచే ఏర్పాటు ఉండేది. ఒక్క అక్షరం మార్పుతో ఆ ఇన్వాయిస్ బిల్లింగ్ విభాగం తెర మీద మాయమవుతుంది, ఫైనాన్స్ విభాగం లెక్కలో మాత్రం రాబడిగా చేరుతుంది. ఇలాంటివి 7,561 ఉన్నాయని, వాటి విలువ ఐదు వేల కోట్ల రూపాయలు దాటుతుందని దర్యాప్తులో తేలింది. ఆ ఇన్వాయిస్‌ల వెనక పని చేసిన ఇంజనీరు లేడు, అందుకున్న క్లయింటు లేడు.

ఈ వివరం మార్పు దృష్టితో ముఖ్యం. యాభై వేలమందిలో ఎక్కువమందికి ఆ లాగిన్ ఉన్న సంగతే తెలియదు. అలాంటి కంపెనీలో మొత్తం సంస్కృతి కుళ్లిపోయిందని ప్రకటించి, పై నుంచి కింది దాకా అందరినీ అనుమానించడం మొదలుపెడితే పనిచేసేవాళ్లు వెళ్లిపోతారు. చెడని భాగం కూడా చెడుతుంది. ఐటీ సేవల కంపెనీకి ఫ్యాక్టరీ లేదు, గనులు లేవు. సాయంత్రం లిఫ్టు దిగి ఇంటికి వెళ్లే మనుషులే దాని ఆస్తి. వాళ్లు మర్నాడు రాకపోతే అమ్ముకోవడానికి మిగిలేది మాదాపూర్‌లోనూ బహదూర్‌పల్లిలోనూ ఉన్న భవనాలు మాత్రమే.

జీతం, క్లయింటు, లెక్క

ప్రభుత్వం పాత బోర్డును తొలగించింది. జనవరి 11న హెచ్‌డీఎఫ్‌సీ అధినేత దీపక్ పారేఖ్, సాఫ్ట్‌వేర్ పరిశ్రమ సంఘం నాస్‌కామ్ మాజీ అధ్యక్షుడు కిరణ్ కార్నిక్, సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు అధిపతిగా పనిచేసిన సి. అచ్యుతన్‌లను నియమించింది. కొద్దిరోజుల్లో పారిశ్రామిక సంఘం సీఐఐకి చెందిన తరుణ్ దాస్, చార్టర్డ్ అకౌంటెంట్ టి.ఎన్. మనోహరన్, ఎల్ఐసీ తరఫున ఎస్.బి. మైనక్ చేరారు. ప్రభుత్వం కంపెనీని సొంతం చేసుకోలేదు, ఖజానా నుంచి డబ్బు పోయలేదు. అలాగని దివాలాకూ వదిలేయలేదు. యాజమాన్యం లేని సంస్థకు యజమానుల్లా వ్యవహరించే కొద్దిమంది మనుషులను ఇచ్చి పక్కకు తప్పుకుంది. ఈ నిర్ణయానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. ఎంతమందిని వేయాలి, ఎవరిని వేయాలి, వాళ్ల పనిలో ఎంత జోక్యం చేసుకోవాలి అన్న మూడింటిలోనూ అది సరైన నిర్ణయం.

ఆ ఆరుగురిలో ఎవరూ సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపినవారు కారు. వారి ముందు వంద పనులున్నాయి. లెక్కలు తిరగరాయాలి, అమెరికాలో వేసిన దావాలకు జవాబివ్వాలి, దర్యాప్తు సంస్థలకు కాగితాలు అప్పగించాలి, కొత్త సీఈఓను వెతకాలి, కొనుగోలుదారును చూడాలి. వీటన్నిటికన్నా ముందు వారు చేతిలోకి తీసుకున్నది జనవరి నెల జీతాలు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. నెలాఖరున ఫోనుకు జీతం పడిన మెసేజ్ రాకపోతే, హైదరాబాద్‌లో హోమ్ లోన్ ఈఎంఐ కట్టే ఇంజనీరు మర్నాటి నుంచి వేరే ఉద్యోగం వెతుకుతాడు. అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడికి పరిస్థితి ఇంకా ఇరుకు. వీసా కంపెనీ పేరు మీదే ఉంటుంది. అతడు కంపెనీ వదిలితే క్లయింటు దగ్గర పని ఆగుతుంది, పని ఆగితే క్లయింటు కాంట్రాక్టు రద్దు చేస్తాడు, కాంట్రాక్టు పోతే వచ్చే నెల జీతాలకు డబ్బుండదు. జీతం దగ్గర ఒక్కసారి తెగితే గొలుసంతా జారిపోతుంది. లెక్కల సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ జీతం తర్వాత చూసుకోవడానికి వీల్లేదు. క్లయింట్ల నుంచి రావలసిన బాకీలు త్వరగా వసూలు చేసి జనవరి జీతాలు ఇచ్చారు. ఫిబ్రవరి మొదటి వారానికి బ్యాంకుల నుంచి 600 కోట్ల రూపాయల రుణం ఏర్పాటయింది. లేని నగదును ఉన్నట్లు చూపిన కంపెనీకి నెల తిరగకముందే బ్యాంకు అప్పు పుట్టడం కొత్త డైరెక్టర్ల వ్యక్తిగత ప్రతిష్ఠ వల్లే సాధ్యమైంది. మార్పు నాయకుల ఎంపికలో పేరు ప్రతిష్ఠలను అలంకారంగా చూడకూడదనడానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు దొరకదు.

ఫిబ్రవరి 5న సీఈఓ నియామకం ప్రకటించారు. బయటి నుంచి పేరున్న వ్యక్తిని తెస్తారని చాలామంది అనుకున్నారు. బోర్డు ఏళ్ల తరబడి సత్యంలోనే పనిచేస్తున్న ఎ.ఎస్. మూర్తిని ఎంపిక చేసింది. ఆయనకు తోడుగా టాటా సంస్థల్లో పనిచేసిన హోమీ ఖుస్రోఖాన్‌ను, మురుగప్ప గ్రూపులో ఆర్థిక బాధ్యతలు చూసిన పార్థో దత్తాను సలహాదారులుగా నియమించింది. రోజువారీ పని లోపలి మనిషి చేతిలో, పర్యవేక్షణ బయటి మనుషుల చేతిలో పెట్టారు. ఏ క్లయింటుకు ఎవరు దగ్గరో, ఏ ప్రాజెక్టు ఏ అంచున ఉందో లోపలివాడికే తెలుసు. ఆ సమయంలో బయటివాడు వస్తే నేర్చుకోవడానికే మూడు నెలలు పడుతుంది, ఆ మూడు నెలలు అప్పుడు లేవు. కుంభకోణం తర్వాత లోపలివాళ్లందరినీ దూరం పెట్టాలన్న కోరిక సహజమే. దాన్ని అణచుకోవడం ఇక్కడ మంచి చేసింది.

క్లయింట్లతో వ్యవహారం మరో రకంగా నడిచింది. కొందరు వెళ్లిపోయారు, కొందరు కొత్త పని ఆపి పాతది కొనసాగించారు. అలా కొనసాగించడానికి కారణం సత్యం మీద ప్రేమ కాదు. పెద్ద కంపెనీ తన బ్యాంకింగ్ వ్యవస్థనో, ఫ్యాక్టరీల సాఫ్ట్‌వేర్‌నో ఒకరి నుంచి ఇంకొకరికి మార్చుకోవాలంటే నెలలు పడుతుంది, కొత్తవాళ్లకు మొదటి నుంచి నేర్పాలి. ఆ నెలల గడువే సత్యానికి దొరికిన ఊపిరి. ఆ గడువులో చేతిలో ఉన్న పని నడిపించారు. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఐటీ సేవల ఒప్పందం సత్యం 2007లోనే కుదుర్చుకుంది. పేరు మారి, యజమాని మారి, లెక్కలు ఇంకా తేలని స్థితిలోనూ ఆ పని నడిపించారు. ఆ ఏడాదిన్నర కంపెనీని నిలబెట్టినవారిలో బోర్డు సభ్యులకు ఎంత పాత్ర ఉందో, రాత్రి షిఫ్టుల్లో కూర్చున్న ఇంజనీర్లకూ అంతే ఉంది. వ్యాపార పాఠ్యపుస్తకాల్లో ఈ రెండోవాళ్ల పేర్లు కనిపించవు.

ఇదే కాలంలో మరో సంస్థ సంగతి కూడా తెలుగువారికి గుర్తుండాలి. 108 అంబులెన్సులు నడిపే ఈఎంఆర్ఐని 2005లో స్థాపించింది రామలింగరాజే. దాత పేరు కూలినప్పుడు రోడ్డు మీద అంబులెన్సు ఆగిపోతుందేమోనన్న భయం ఉండేది. 2009లో జీవీకే గ్రూపు నిర్వహణ చేపట్టింది, వాహనాలు ఆగలేదు. సంస్థాపకుడి ప్రతిష్ఠ నుంచి సంస్థ సేవను విడదీయడం సాధ్యమేనని అది చూపించింది.

చూడకుండా కొన్న ఇల్లు

కంపెనీని అమ్మాలని బోర్డు త్వరగానే నిర్ణయించింది. అమ్మడంలో ఉన్న చిక్కు అసాధారణమైనది. ఏ కొనుగోలుదారుడైనా ముందు ఆడిట్ చేసిన లెక్కలు అడుగుతాడు. సత్యం దగ్గర అవి లేవు, వాటి కోసం ఆగితే ఏడాది పైగా పడుతుంది. అంతకాలం యజమాని లేకుండా కంపెనీ బతకదు. లెక్కలు తేలాక అమ్మాలన్న మామూలు వరసను బోర్డు తలకిందులు చేసింది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా పర్యవేక్షణలో వేలం పెట్టి, తెలిసినంత సమాచారం అందరికీ సమానంగా ఇచ్చి, ధర చెప్పమంది.

ఏప్రిల్ 13న, అంటే లేఖ వెలువడి నూరు రోజులు నిండకముందే, టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలతో గెలిచింది. ఎల్ అండ్ టీ 45.90 రూపాయల దగ్గర ఆగింది. విచిత్రమేమిటంటే కొన్న కంపెనీ కొనబడిన కంపెనీ కన్నా చాలా చిన్నది. 1986లో బ్రిటిష్ టెలికామ్‌తో కలిసి మహీంద్రా గ్రూపు మొదలుపెట్టిన ఆ సంస్థ పని చాలావరకు టెలికాం రంగంలోనే, అందులోనూ ఆ ఒక్క బ్రిటిష్ క్లయింటు మీదే ఆధారపడి ఉండేది. సత్యానికి ఉత్పత్తి రంగంలోనూ, కంపెనీల అంతర్గత సాఫ్ట్‌వేర్ పనుల్లోనూ వందల క్లయింట్లున్నారు. ఒకరికి పరువు కావాలి, ఇంకొకరికి విస్తృతి కావాలి. ఈ అవసరం రెండువైపులా ఉండడం వల్లే ఆ మార్పు నిలిచింది. కొన్నవాడికి కూడా తాను మారవలసిన అవసరం ఉన్నప్పుడు, కొనబడినవాళ్లను ఓడిపోయినవాళ్లుగా చూడడు.

వినీత్ నయ్యర్ ఛైర్మన్‌గా, సి.పి. గుర్నానీ సీఈఓగా కొత్త యాజమాన్యం వచ్చింది. నయ్యర్ మొదట ఐఏఎస్ అధికారి, ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్‌కు తొలి ఛైర్మన్. 2009 జూన్ 21న కంపెనీ పేరు మహీంద్రా సత్యం అయింది. పాత పేరును పూర్తిగా చెరిపేయాలన్న సలహాలు తప్పకుండా వచ్చి ఉంటాయి. పేరు సగం ఉంచడంలో క్లయింట్లకు కొనసాగింపు కనిపించింది, ఉద్యోగులకు తమ గతం మొత్తం సిగ్గుపడవలసినది కాదన్న భరోసా దొరికింది.

పేరు విషయాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో తెలుగు ప్రజలు మరో సందర్భంలో చూశారు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. అది ప్రభుత్వం కోరి తెచ్చిన మార్పు, కారణాలు ముందే చెప్పారు. అయినా జనం బాధపడింది మూలధన నిష్పత్తి గురించి కాదు, బోర్డు మీద మాయమైన పేరు గురించి. ఆ తర్వాత ఖాతాదారుకు మార్పు తగిలింది పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చెల్లకపోవడంలో, పాత చెక్కుబుక్కు మార్చుకోవలసి రావడంలో. పైస్థాయిలో విలీనం అనే మాట ఎంత పెద్దదైనా, కింద అది పాస్‌బుక్కు, కోడ్, కౌంటర్ దగ్గర తెలిసిన మొహం. వీటిని ముందుగా ఆలోచించినవాడే మార్పును నడిపినవాడు.

వర్చువల్ పూల్

మహీంద్రా సత్యం తొలినాళ్లలో అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం మిగులు ఉద్యోగులది. క్లయింట్లు తగ్గారు, కొత్త ప్రాజెక్టులు రావడం లేదు, ప్రపంచమంతటా మాంద్యం. బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా జీతం తీసుకుంటూ, వేలమంది ఉన్నారు. 2009 జూన్‌లో యాజమాన్యం వర్చువల్ పూల్ అనే పథకం ప్రకటించింది. అందులోకి వెళ్లినవారికి ఆరు నెలలు మూల వేతనం, భవిష్య నిధి, ఆరోగ్య బీమా ఉంటాయి. ఆఫీసుకు రానక్కర్లేదు, వేరే ఉద్యోగం చూసుకోవచ్చు, పని దొరికితే కంపెనీయే వెనక్కి పిలుస్తుంది.

కంపెనీ వైపు నుంచి చూస్తే దీన్ని సమర్థించవచ్చు. ఒక్కసారిగా తీసేయడం కన్నా మెరుగు. బీమా ఆగలేదు, తలుపు పూర్తిగా మూయలేదు. ఏం జరగబోతోందో దాచకుండా చెప్పారు. ఖర్చు తగ్గకపోతే మిగతావారి ఉద్యోగాలూ ప్రమాదంలో పడేవి. ఇవన్నీ నిజాలే. ఉద్యోగి వైపు నుంచి చూసినా నిజాలున్నాయి. ఐటీ జీతంలో బేసిక్ చిన్న భాగమే, మిగిలినదంతా అలవెన్సులు, వేరియబుల్ పే. బేసిక్ మీద బతకమంటే ఇంటి అద్దె, ఈఎంఐ, ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు ఒకేసారి ఇరుకున పడతాయి. బెంచ్ మీద ఉండడం ఆ ఇంజనీరు తప్పు కాదు. తన ప్రాజెక్టు అప్పుడే ముగియడమో, తన క్లయింటు వెళ్లిపోవడమో జరిగింది, అంతే. లెక్కల గదిలో ఎవరో చేసిన పనికి మూల్యం ఇక్కడ చెల్లించాల్సి వచ్చింది.

మార్పు నాయకత్వాన్ని పొగిడే రచనలు ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. దాటకూడదు. కంపెనీ బతకడానికి ఈ నిర్ణయం అవసరమేనని ఒప్పుకోవాలి. బతికిన కంపెనీ ఘనతలో ఈ మనుషుల నష్టం కూడా కలిసి ఉందని అంతే స్పష్టంగా చెప్పాలి. ఎవరిని పూల్‌లోకి పంపాలన్న నిర్ణయం ఏ కొలమానంతో జరిగిందో ఉద్యోగులకు తెలిస్తే ఆ బాధలో అవమానం కొంతైనా తగ్గుతుంది. మంచి నాయకత్వానికీ కేవలం సమర్థ నాయకత్వానికీ తేడా ఇలాంటి చోటే తెలుస్తుంది.

లెక్క తేలడం

జీతం, క్లయింటు, యజమాని అన్న మూడూ కుదుటపడ్డాకే లెక్కల పని నిజంగా సాగింది. అది ఊహించినదానికన్నా పెద్దది. అసలు పత్రాలు చాలావరకు దర్యాప్తు సంస్థల దగ్గర ఉన్నాయి. ఏళ్ల వెనక్కి వెళ్లి, ఏ ఇన్వాయిస్ నిజం, ఏది కల్పితం అని ఒక్కొక్కటీ బ్యాంకు ఖాతాలోకి వచ్చిన డబ్బుతో పోల్చి చూడాలి. చివరికి 2010 సెప్టెంబర్ 29న ఫలితాలు వెలువడ్డాయి. 2008-09లో నష్టం సుమారు 8,177 కోట్ల రూపాయలు, 2009-10లో సుమారు 125 కోట్లు. మొదటి అంకె ఎంత భయంకరమైనదో రెండోది అంత ధైర్యమిచ్చేది. పాత పాపమంతా ఒక ఏడాది లెక్కలోకి వెళ్లిపోయి, మిగిలిన వ్యాపారం దాదాపు సమతూకానికి వచ్చిందని అది చెప్పింది.

దావాల భారం ఇంకా ఉంది. అమెరికాలో వాటాదారుల సామూహిక దావాను 12.5 కోట్ల డాలర్లతో, అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ కేసును కోటి డాలర్లతో 2011లో పరిష్కరించుకున్నారు. అమెరికా పద్ధతిలో లెక్కలు గడువులోగా ఇవ్వలేక 2010 అక్టోబర్‌లో న్యూయార్క్ ఎక్స్ఛేంజ్ నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఇవి ఆలస్యం చేసిన దెబ్బలే గానీ దారి మార్చినవి కావు. 2011-12లో కంపెనీ 1,300 కోట్లకు పైగా లాభం చూపింది.

2012 మార్చిలో రెండు కంపెనీల విలీనం ప్రకటించారు. మహీంద్రా సత్యం షేర్లు 17 ఉన్నవారికి టెక్ మహీంద్రా షేర్లు 2 ఇచ్చారు. కోర్టు అనుమతులు ముగిసి 2013 జూన్‌లో విలీనం పూర్తయింది. కొన్నాక నాలుగేళ్లు ఆగి కలపడం చాలామందికి జాప్యంగా అనిపించింది. కానీ లెక్కలు తేలకముందు కలిపి ఉంటే సత్యం దావాలు, పన్ను వివాదాలు టెక్ మహీంద్రా మీద పడేవి, ఉద్యోగుల జీతాల అంతరాలు, అప్రైజల్ పద్ధతుల తేడాలు ఒకేసారి రగిలేవి. ఆగడమే ఇక్కడ వరస. కలిసేనాటికి టెక్ మహీంద్రా కూడా పాత టెక్ మహీంద్రాగా లేదు. ఒక్క క్లయింటు మీద ఆధారపడిన సంస్థ అనేక రంగాల్లో పనిచేసే ఎనభై వేలమంది కంపెనీగా మారింది.

మనుషుల మీద ఆధారపడని భాగం

ఒక ప్రశ్న మిగులుతుంది. పాత సత్యంలో కార్పొరేట్ పాలనకు కావలసిన అలంకారాలన్నీ ఉన్నాయి. పేరున్న ఆచార్యులు, ఉన్నత పదవులు నిర్వహించినవారు బోర్డులో ఉండేవారు. అంతర్జాతీయ ఆడిట్ సంస్థ లెక్కలు చూసేది. 2008లోనే మంచి పాలనకు ఒక అవార్డు కూడా వచ్చింది. అన్నీ ఉండి ఏళ్ల తరబడి ఎవరూ ఒక బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి, ఇంత డిపాజిట్ మీ దగ్గర ఉందా అని అడిగి, ఆ జవాబును సూటిగా తెప్పించుకోకపోవడమే అసలు లోపం. కొత్త యాజమాన్యం తెచ్చిన మార్పుల్లో ఎక్కువ కాలం నిలిచేవి ఇలాంటి చప్పుడులేని పనులే. నగదు నిల్వలను సంబంధంలేని మరో చేతితో సరిచూడటం, ఇన్వాయిస్ తయారుచేసేవాడికీ రాబడి నమోదు చేసేవాడికీ మధ్య గోడ కట్టడం, ఆడిట్ కమిటీకి కింది ఉద్యోగి కూడా ఫిర్యాదు చేరవేయగల దారి ఉంచడం. దీపక్ పారేఖ్ లాంటి మనిషి ప్రతి కంపెనీకీ, ప్రతిసారీ దొరకడు. అందుకే మంచి నాయకుడు చేసిన మార్పులో కొంత భాగమైనా అతడు వెళ్లిపోయాక కూడా పనిచేసే నియమంగా మారాలి.

సత్యం విషయంలో ఆ నియమం కంపెనీ గోడలు దాటి దేశ చట్టంలోకి వెళ్లింది. విలీనం పూర్తయిన ఏడాదే, 2013 ఆగస్టు 29న, కొత్త కంపెనీల చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. వాటాదారులు కలిసి దావా వేసే హక్కు, స్వతంత్ర డైరెక్టర్లకు ప్రవర్తనా నియమావళి, తీవ్ర ఆర్థిక మోసాల దర్యాప్తు సంస్థకు చట్టబద్ధ హోదా అందులో వచ్చాయి. లిస్టెడ్ కంపెనీ లెక్కలను ఒక్క ఆడిటరే చూస్తే వరుసగా ఐదేళ్లకు మించి, ఆడిట్ సంస్థ చూస్తే పదేళ్లకు మించి కొనసాగడానికి ఇప్పుడు వీల్లేదు.